రాత గట్టిదా, చదువు గట్టిదా?

"తలరాత అన్న మాట నా ముందట అనకుండ్రి సార్" అని నర్సమ్మ చాయ్ గ్లాసు బల్ల మీద కొంచెం గట్టిగానే పెట్టింది.

జైనూర్ బస్టాండు పక్కన హోటలు. డిసెంబరు పొద్దు. ఇక్కడి చలి తెలిసినవాళ్లు పొయ్యి దగ్గరి బల్ల వదలరు, మేం ముగ్గురం అక్కడే సర్దుకున్నాం. సార్ కరీంనగర్ వైపు మనిషి. ఆశ్రమ పాఠశాలల్లో జీవశాస్త్రం చెబుతూ వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. నర్సమ్మ ఆయన దగ్గర పదో తరగతి చదివిన గోండు ఆడబిడ్డ, ఇప్పుడు సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం. నేను ఉట్నూరు బస్సు కోసం కూర్చున్న మూడోవాణ్ణి. బస్సు రాలేదు, పంచాయితీ పెరిగింది.

ముందు రోజు రాత్రి కాళ్లూ నడుమూ నొప్పులని ఏడుస్తున్న ఒక పిల్లవాణ్ణి ఉట్నూరు ఆసుపత్రికి పంపించి వచ్చిందామె. సికిల్ సెల్. ఆ పిల్లలకు చలికాలం గడ్డుకాలం. సంగతి విన్న సార్ నిట్టూర్చి, "ఒక్క అక్షరం బిడ్డా. వాని తలరాత" అన్నాడు. అక్కడ మొదలైంది.

సార్: నేను బ్రహ్మరాత అంటలేను. డీఎన్ఏ రాత అంటున్న. మూడు వందల కోట్ల అక్షరాల పుస్తకం అది. పదకొండో క్రోమోజోము మీద బీటా గ్లోబిన్ జన్యువుల ఒక్కచోట 'జీఏజీ' అని ఉండాలె. ఈ పిల్లగానికి తల్లి దిక్కు నుంచి వచ్చిన దాంట్ల, తండ్రి దిక్కు నుంచి వచ్చిన దాంట్ల, రెండిట్లనూ 'జీటీజీ' అని ఉన్నది. 'ఏ' జాగల 'టీ'. అంతే తేడా. దీన్ని రాత అనక ఏమంటవ్?

నర్సమ్మ: రాత అనుండ్రి, ఒప్పుకుంట. ముందట తల అని పెట్టకుండ్రి. తలరాత అంటే ఇగ చేసేదేం లేదని అర్థం. ఆ మాట విన్న తల్లి గోలీలు గూట్ల పెట్టి మరిచిపోతది.

సార్: మాట మెత్తగ అంటే రోగం మెత్తబడదు గద. నువ్వు పదో తరగతిల విన్న పాఠమే మళ్ల విను. తహసీల్ ఆఫీసుల అసలు పహాణీ ఉంటది. దాన్ని ఎవ్వరికీ ఇంటికియ్యరు, నకలు తీసి ఇస్తరు. కణంల గూడ గంతే. డీఎన్ఏ కేంద్రకం దాటి బయటికి రాదు. కావాల్సిన జన్యువు మటుకు ఆర్ఎన్ఏ నకలు తయారైతది. బీటా గ్లోబిన్ నకలుల నడిమిట్ల రెండు అక్కరలేని ముక్కలుంటయి. వాటిని కోసేసి, మిగిలిన మూడు ముక్కలు అతికి బయటికి పంపుతది. బయట రైబోజోము కూసొని ఉంటది. అది నకలును మూడు మూడు అక్షరాల లెక్కన చదువుతది. ఒక్కో మూడక్షరాల మాటకు ఒక్కో అమైనో ఆమ్లం. మనం తిన్న గట్క నుంచి, పప్పు నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలను చిన్నచిన్న ఆర్ఎన్ఏలు మోసుకొస్తయి. హమాలీలనుకో. ఒక చేతిల మూట, ఇంకో చేతిల మూడక్షరాల చీటీ. చీటీ నకలుతోని కలిస్తేనే మూట దిగుతది. దిగిన మూటను ఎనుకటి దానికి ముడేసుడు రైబోజోము పని. సెకనుకు అయిదారు ముళ్లు. 146 అమైనో ఆమ్లాల బీటా గొలుసు అర నిమిషంల తయారు.

నర్సమ్మ: ఆరో ముడి కాడ మన పిల్లగానికి వేరే మూట దిగుతది.

సార్: గదే! గ్లూటామిక్ ఆమ్లం దిగాల్సిన కాడ వాలీన్ దిగుతది. అసలు లెక్కకు ఏడోది బిడ్డా. మొట్టమొదటి మూట మెథియోనిన్ పని మొదలుపెట్టనీకి వస్తది, తర్వాత దాన్ని తీసేస్తది కణం. అందుకే ఆరోదంటున్నం. గ్లూటామిక్ ఆమ్లానికి నీళ్లతోని దోస్తీ. వాలీన్‌ది నూనె గుణం, నీళ్లంటే దూరం జరుగుతది. హీమోగ్లోబిన్ తన ఆక్సిజన్ ఇచ్చేసినంక, ఆ వాలీన్ పోయి పక్క హీమోగ్లోబిన్ సందుల ఇరుక్కుంటది. అది ఇంకోదానికి, ఇంకోదానికి. తాడు పేనినట్టు పేనుకపోతయి. గుండ్రంగ మెత్తగ ఉండాల్సిన ఎర్ర కణం కొడవలి తీరు వంకర తిరిగి సన్న నరాలల్ల ఇరుకుతది. నొప్పి అంటే అదే. 120 రోజులు బతకాల్సిన కణం పది ఇరవై రోజులకే పగులుతది. అక్షరం కాడి నుంచి కొడవలి దాకా గొలుసు ఎక్కడన్న తెగిందా? తెగలే.

సార్ గొలుసు అని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు గానీ, దాన్ని పట్టుకోవడానికి లోకానికి అర్ధ శతాబ్దం పట్టింది. షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో వంకర కణాల గురించి రాశాడు. రోగం హీమోగ్లోబిన్ అణువులోనే ఉందని లైనస్ పాలింగ్ బృందం 1949లో తేల్చింది. కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ 1956లో తేడా ఉన్న ముక్కను దొరకబట్టి, మరుసటి ఏడాది అది ఒకే ఒక్క అమైనో ఆమ్లం తేడా అని చూపించాడు. అప్పటికింకా ఆ మూడక్షరాల భాషలో ఒక్క మాట కూడా ఎవరికీ తెలియదు. అచ్చుతప్పు దొరికింది, అక్షరమాల ఇంకా దొరకలేదు.

నర్సమ్మ తగ్గలేదు.

నర్సమ్మ: ఎర్ర కణం అన్నరు గదా. దాంట్ల పుస్తకం ఉన్నదా సార్?

సార్ కొంచెం ఆగాడు.

సార్: లేదు. మూలుగల తయారైతున్నప్పుడే కేంద్రకాన్ని పారేస్తది.

నర్సమ్మ: పారేసినంక హీమోగ్లోబిన్ చేసుడు ఆగుతదా?

సార్: ఒకటి రెండు రోజులు ఆగది. చేతుల ఉన్న నకళ్లతోని చేస్తనే ఉంటది.

నర్సమ్మ: అసలు పుస్తకం పారేసి గూడ పని నడుస్తున్నదన్నట్టు.

సార్: నకలు ఎక్కడి నుంచి వచ్చింది? పుస్తకం నుంచే గద. నువ్వు ఎంత తిప్పినా అక్కడికే వస్తవ్.

నర్సమ్మ: సరే, ఇంకోటి. సికిల్ పిల్లలకు పుట్టినంక ఆర్నెల్ల దాక పెద్దగ ఏం కాదు. తల్లులు గూడ అదే అంటరు, 'మంచిగనే ఉండె సిస్టర్' అని. అక్షరం అప్పుడు లేదా? కడుపుల పడ్డనాటి నుంచి ఉన్నది. మరి ఆర్నెల్లు ఎందుకు ఊకున్నది?

సార్: అది వేరే కథ. కడుపుల బీటా జాగల గామా గొలుసు ఉంటది. గామా జన్యువు గూడ పదకొండో క్రోమోజోము మీదనే, బీటా పక్కపొంటనే. పుట్టినంక మెల్లమెల్లగ గామా చదువుడు బంద్ చేసి, బీటా చదువుడు మొదలుపెడుతది కణం.

నర్సమ్మ: చూసిండ్రా? మీ నోటెంబడే వచ్చింది. చదువుడు బంద్, చదువుడు మొదలు! రాత అట్లనే ఉన్నది, చదివే పేజీ మారింది, రోగం వచ్చింది. నేనిచ్చే హైడ్రాక్సీయూరియా గోలీ గూడ అక్షరం దిద్దదు గద. మూసిన గామా పేజీని కొంచెం తెరిపిస్తది. ఎర్ర కణంల గామా పెరిగితే తాడు పేనుకునుడు తగ్గుతది. ఒక్క ఇంట్లనే ఇద్దరు పిల్లలుంటరు, ఇద్దరికీ అవే రెండు అక్షరాలు. ఒకడు నెలకోసారి మంచం పడుతడు, ఇంకొకడు ఎడ్లు కాస్తడు. ఎందుకంటరు?

సార్: గామా ఎక్కువ మిగిలిన పిల్లగాడు తేలికగ ఉంటడు, నిజమే. కానీ విను. నువ్వు చదివేటోన్ని నెత్తిన పెట్టుకుంటున్నవ్. చదివేటోనికి సొంత బుద్ధి లేదు బిడ్డా. 1961ల అమెరికాల నీరెన్‌బర్గ్, మథాయ్ అని ఇద్దరు, బాక్టీరియాను నలగ్గొట్టి దాని రసం తీసిండ్రు. దాంట్ల ఒట్టి 'యూయూయూ' అని మాత్రమే ఉన్న ఆర్ఎన్ఏ వేసిండ్రు. రసం ఏం చేసింది? నోరు మెదపకుంట ఫినైల్ అలనీన్ గొలుసు చేసి పెట్టింది. తర్వాత మన ఖొరానా వరుస పెట్టి అక్షరాలు పేర్చి ఇచ్చిండు. ఏది రాస్తే అది వచ్చింది. 64 మాటల అర్థాలు అట్ల తెలిసినయి. 61 మాటలకు అమైనో ఆమ్లాలు, మూడు మాటలకు 'ఆగు' అని అర్థం. 1968ల నీరెన్‌బర్గ్‌కు, ఖొరానాకు నోబెల్ ఇచ్చిండ్రు. చదివేటోడు బానిస. ఇంకో సంగతి గూడ చెప్త: వాడు ఎంత నమ్మకస్తుడైతే తప్పు అంత ఖచ్చితంగ బయటికొస్తది. మన పిల్లగాని రైబోజోములల్ల ఏ లోపం లేదు. ఒక్క గొలుసు గూడ తప్పకుంట, ప్రతి గొలుసుల వాలీన్ పెడుతయి.

ఇది బలమైన దెబ్బ. ఆ క్షణంలో నా ఓటు సార్‌కే వేసేవాణ్ణి. చదువరి నిజాయితీయే పిల్లవాడి పాలిట శత్రువైందన్న మాట చాలాసేపు నన్ను వదల్లేదు. నర్సమ్మ మాత్రం అదే ప్రయోగాన్ని తిరగేసి పట్టుకుంది.

నర్సమ్మ: రసం లేకుంట ఒట్టి ఆర్ఎన్ఏను గ్లాసుల పెడితే ఏమైతుండె?

సార్: ఏం కాకపోతుండె.

నర్సమ్మ: మా గుంజాల సంగతి తెల్వదా మీకు? ఈడికి దగ్గర్లనే, నార్నూర్ మండలంల. గోండి లిపిల రాసిన చేతిరాత పుస్తకాలు పెట్టెలల్ల ఎన్నేండ్లు ఉన్నయి? రాత పోలేదు, అక్షరం చెరగలేదు. చదవొచ్చినోళ్లు నలుగురైదుగురు ముసలోళ్లు మాత్రమే మిగిలిండ్రు. వాళ్లు గూడ పోయుంటే అవి ఒట్టి గీతలే గద సార్. రాతకు పాణం పోసింది ఆ ముసలోళ్లు.

ఇది నేను ఊహించని మలుపు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది, ఇప్పుడు ఫోనులో కూడా టైపు చేయొచ్చు. ఆ ప్రతులు 1750 ప్రాంతపువని అంచనా. రెండున్నర శతాబ్దాలు చెక్కుచెదరని రాత, ఒక్క తరంలో చదువరులు పోతే మూగబోయేది. సార్ కూడా తల ఊపాడు. ఆయన మంచి గురువు, శిష్యురాలి దెబ్బ తగిలినప్పుడు ముఖంలో గర్వం దాచుకోలేడు.

నర్సమ్మ: ఇంకోటి నా సంచిల ఉన్నది. డాక్సీసైక్లిన్. జ్వరం తెచ్చే బాక్టీరియా డీఎన్ఏను అది ముట్టుకోదు. పుస్తకం పుస్తకం లెక్కనే ఉంటది. రైబోజోము మీద హమాలీ మూట దింపే జాగల పోయి అడ్డం కూసుంటది. గంతే, బాక్టీరియా పెరుగుడు ఆగుతది. రాతే అంతా అయితే, రాతను ముట్టకుంట రోగం ఎట్ల పోతున్నది?

ఇక్కడ నేనొక మాట కలపకుండా ఉండలేకపోయాను. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబం. ఆ కుటుంబంలో పెద్దన్న ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లే సంస్థ నుంచి వచ్చింది. దాన్ని కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్, అక్కడ పరిశోధనలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సికిల్ పిల్లలకు నర్సమ్మ రోజూ వేసుకోమనే పసుపుపచ్చ ఫోలిక్ ఆసిడ్ గోలీ ఉంది చూశారూ, దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది కూడా సుబ్బారావు బృందమే, 1945లో. కణాలు తొందరగా పగిలిపోతుంటే మూలుగ తీరిక లేకుండా కొత్తవి చేయాలి, కొత్త కణానికి కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలిక్ ఆసిడ్ కావాలి. జైనూర్ సబ్‌సెంటర్ సంచిలో గోదావరి జిల్లా మనిషి కష్టం రెండు అట్టల్లో ఉంది. నేనీ సంగతి చెబితే నర్సమ్మ అట్టను తిప్పి చూసింది, పేరు ఎక్కడైనా రాసి ఉందేమోనని. లేదు.

సార్ ఈలోగా ఇంకో అస్త్రం తీశాడు.

సార్: గోలీలు జీవితాంతం మింగాలె. అక్షరం దిక్కు పోతేనే అసలు వైద్యం. 2023 చివర్ల బ్రిటన్, అమెరికా సికిల్‌కు ఒక వైద్యం ఒప్పుకున్నయి. మనిషి మూలుగ కణాలు బయటికి తీసి, డీఎన్ఏనే కత్తిరించి, మళ్ల లోపలికి ఎక్కిస్తరు. చూసినవా? చివరికి పుస్తకం కాడికే పోవాల్సి వచ్చింది.

నర్సమ్మ: కత్తిరించి ఆ 'టీ'ని 'ఏ' చేస్తరా?

సార్ చాయ్ చల్లారిందని మరొకటి చెప్పాడు. మాట దాటేస్తున్నాడనుకున్నాను. దాటేయలేదు.

సార్: అబద్ధం చెప్పను. ఆ 'టీ'ని ముట్టరు. బీసీఎల్ పదకొండు ఏ అని ఒక ప్రోటీన్ ఉంటది, గామా పేజీని మూసి పెట్టేది అదే. మూలుగ కణాలల్ల అది తయారు గాకుంట కోస్తరు. గామా మళ్ల తెరుచుకుంటది.

నర్సమ్మ నవ్వలేదు, నాకే నవ్వొచ్చింది. ప్రపంచంలోనే ఖరీదైన వైద్యాల్లో ఒకటి, అమెరికాలో 22 లక్షల డాలర్ల ధర. అది కూడా తప్పు అక్షరాన్ని అట్లాగే వదిలేసి, చదివే పేజీ మార్చి ఊరుకుంది.

నర్సమ్మ: ఇంకో మాట. తప్పు, తప్పు అంటున్నరు. 'జీఏజీ' జాగల 'జీఏఏ' పడితే ఏమైతది?

సార్: ఏం కాదు. రెండిటికీ అర్థం గ్లూటామిక్ ఆమ్లమే.

నర్సమ్మ: అక్షరం మారినా అర్థం మారలే. మరి 'జీటీజీ' ఒక్క దిక్కు నుంచే వచ్చినోళ్లకు? నా లెక్క. నేను క్యారియర్‌నే సార్. పొలం పని చేసిన, చదువుకున్న, ఇద్దరు పిల్లల్ని కన్న. ఈ అడవుల మలేరియా ఎంతమందిని తీస్కపోయిందో మీకు తెల్వదా? మా తాతలు దాన్ని తట్టుకున్నరంటే ఈ అక్షరం గూడ ఒక కారణమే గద.

ఇది వట్టి మాట కాదు. ఒక్క వైపు నుంచే ఆ అక్షరం వచ్చినవాళ్లకు ప్రాణం తీసే మలేరియా నుంచి రక్షణ ఉంటుందని ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూసి 1954లో రాశాడు. మలేరియా ఉన్న అడవుల్లో ఈ అక్షరం తరతరాలుగా నిలిచి ఉండటానికి కారణం అదే.

సార్: ఒప్పుకుంట. కానీ బిడ్డా, మలేరియాకు ఇప్పుడు గోలీలున్నయి. కాపు కాసినోడు పనైపోయినంక గూడ ఇంట్లనే ఉండి అప్పు కింద కూసున్నడు. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పుల నాలుగింట ఒక వంతు రోగం పిల్లగాడు పుట్టే అవకాశం. మొదటి ముగ్గురు మంచిగ పుట్టిండ్రు గదా అని నాలుగో కాన్పు లెక్క తప్పదు, ప్రతిసారి కొత్త లెక్కే. ఆడ ఏ గోలీ అడ్డం రాదు, ఏ చదువరీ అడ్డం రాడు. ఆడ అక్షరమే. మీ గోండులు సగ, అంటే దేవుళ్ల లెక్క, చూడకుంట సంబంధం కలుపుకోరు. నాలుగు దేవుళ్లా, అయిదా, ఆరా, ఏడా అని అడుగుతరు. సికిల్ పరీక్ష కార్డు గూడ అట్లనే అడగాలె అంటే ఎందుకు కొట్లాడుతవ్?

నర్సమ్మ చాలాసేపు మాట్లాడలేదు. పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

నర్సమ్మ: ఇది మీరన్నది నిజం. పెళ్లి కాడ అక్షరమే మాట్లాడుతది. నేను కార్డు వద్దంటలేను సార్. కార్డు ఎవర్ని అడుగుతున్నరో చూడుండ్రి. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, 40 ఏండ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష, 2047 నాటికి రోగం లేకుంట చేయాలని. నేను గూడ ఊరూరు తిరిగి వేలు గుచ్చి నెత్తురు చుక్క తీస్తున్న. చిన్న గొట్టంల మందునీళ్లల్ల కలుపుత. గొట్టం వెనక గీతలు కనపడకుంట మబ్బు కమ్మితే పాజిటివ్. గానీ ఆ మబ్బు క్యారియర్‌నా, రోగమా అన్నది చెప్పదు. దానికి పెద్ద మిషన్ల మళ్ల పరీక్ష చెయ్యాలె. ఆ రెండో కాగితం రాకముందే మబ్బు సంగతి ఊర్ల తిరుగుతది. పిల్లకు సికిల్ ఉన్నదట అని సంబంధం తప్పుతది. పిలగాడు పరీక్షే చేయించుకోడు. అడిగితే, మగోనికి ఎందుకు అంటరు.

సార్: సగం సగం వస్తది గద ఇద్దరి నుంచి.

నర్సమ్మ: మీ పాఠంల సగం సగం. ఊర్ల మొత్తం ఆడపిల్ల మీదికే. ఒక్క క్యారియర్, ఒక్క మామూలు మనిషి చేసుకుంటే పిల్లలకు రోగం రాదు సార్. అది చెప్పకుంట కార్డు ఒక్కటి చేతిల పెడితే, మీ ఒక్క అక్షరం ఆ పిల్లకు నిజంగనే తలరాత అయితది. నేను ఆ మాట అనకుండ్రి అన్నది అందుకే.

సార్ జవాబు వెతుక్కుంటుండగా బస్సు హారన్ కొట్టింది. ఆయన లేచి, "రేపు మళ్ల తొమ్మిదో తరగతికి పాఠం ఉన్నది, పిలిచిండ్రు. గుంజాల ముచ్చట చెప్త" అన్నాడు. నర్సమ్మ డబ్బులివ్వబోతే హోటలాయన తీసుకోలేదు. ఆయన కోడలు పురుడు పోసుకున్నది ఆమె చేతిలోనేనట.

నా తీర్పు అడిగితే, నర్సమ్మ గెలిచింది. పెళ్లి దగ్గర సార్ పట్టిన పట్టు ఒక్కటి మాత్రం వదలదగింది కాదు. ఉట్నూరు, జైనూర్, నార్నూర్ వైపు పెళ్లీడు పిల్లలున్న ఇళ్లకు ఒక మనవి: అమ్మాయి కార్డు చేతికి తీసుకునే ముందు అబ్బాయి కార్డు బల్ల మీద పెట్టించండి.